కిలిమంజారో మీద మాత్రమే బతికే చుంచు

టాంజానియాలోని కిలిమంజారో ఎక్కడానికి మరంగు దారిలో వెళ్లేవాళ్లు మొదటి రాత్రి మందారా హట్‌లో పడుకుంటారు. అక్కడ ఎత్తు 2,720 మీటర్లు. మర్నాటి రాత్రి మజిలీ హొరొంబో, 3,720 మీటర్లు. ఈ కొండెక్కిన తెలుగువాళ్లకు కొదవ లేదు. పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా ఆ తర్వాత కిలిమంజారో శిఖరం చేరారు. తిరిగొచ్చాక చూపించే ఫొటోల్లో మంచు ఉంటుంది, జెండా ఉంటుంది, శిఖరం దగ్గరి బోర్డు ఉంటుంది. కానీ ఆ రెండు మజిలీల మధ్య దారికి అటూ ఇటూ, రాలుటాకుల కింద, తడి నాచు కింద, అరచేతిలో పట్టేంత ప్రాణి ఒకటి వానపాముల కోసం మట్టి తవ్వుకుంటూ ఉంటుంది. అది ఈ కొండ మీద తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. 5,895 మీటర్ల ఆ పర్వతానికి మాత్రమే సొంతమైన పాలిచ్చే జంతువు అదొక్కటే.

దాని పేరు కిలిమంజారో మౌస్ ష్రూ. శాస్త్రీయ నామం మయోసోరెక్స్ జింకి. మన మాటల్లో చెప్పాలంటే అదొక చుంచు.

చుంచు అనగానే మనకు వంటింట్లో గోడవారగా పరుగెత్తే చుంచెలుక గుర్తొస్తుంది. పొడవాటి ముట్టె, చిన్న కళ్లు, భరించలేని వాసన. పిల్లి దాన్ని చంపుతుంది కానీ తినకుండా వదిలేస్తుంది. పేరులో ఎలుక ఉన్నా అది ఎలుక జాతి కాదు. ఎలుకలు, ఉడతలు కొరికి తినేవి, వాటి ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. చుంచులు పురుగులను వేటాడి తినేవి. వాటి దగ్గరి చుట్టాలు ఒంటినిండా ముళ్లుండే హెడ్జ్‌హాగ్‌లు, నేలలో సొరంగాలు తవ్వే మోల్‌లు. ఇంట్లో చుంచు కనిపిస్తే మనం కర్ర తీసుకుంటాం కానీ, నిజానికి అది బియ్యం బస్తా కోసం రాదు, బొద్దింకల కోసం వస్తుంది.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. మన ఇంటి చుంచు ఎప్పుడో ఓడలెక్కి ఆఫ్రికా తూర్పు తీరానికి చేరింది. జాంజిబార్‌లోనూ, కెన్యా, టాంజానియా తీర పట్టణాల్లోనూ ఇప్పుడు అది మామూలే. మనిషి ఎక్కడుంటే అక్కడ బతకగలదు. కిలిమంజారో చుంచు దానికి పూర్తి విరుద్ధం. ఆ తీరం నుంచి కొన్ని వందల కిలోమీటర్ల లోపల, ఒకే ఒక్క కొండను పట్టుకుని కూర్చుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా ఒకటి సముద్రాలు దాటింది, ఇంకొకటి కొండ దిగలేదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే దాన్ని కాపాడటం అంటే ఏమిటో కూడా అర్థమవుతుంది.

ముందు దాని బతుకు చూద్దాం. మయోసోరెక్స్ చుంచులు నల్లగా, లేదా ముదురు గోధుమ రంగులో ఉంటాయి. బొచ్చు మఖమల్ గుడ్డలా మెత్తగా, దట్టంగా ఉంటుంది. కళ్లు ఆవగింజల్లా చిన్నవి. తోక పొట్టి. ముందుకాళ్ల గోళ్లు మాత్రం పొడవు, ఎందుకంటే పనంతా మట్టిలోనే. ఈ గుంపులో చాలా జాతులు 10 నుంచి 20 గ్రాముల మధ్య తూగుతాయి. చేతిలో మూడు నాలుగు రూపాయి బిళ్లలు పెట్టుకుంటే ఎంత బరువో అంత. కింది దవడలో మిగతా చుంచులకు లేని ఒక చిన్న పన్ను వీటికి ఉంటుంది. మిగిలిన వంశాలు ఎప్పుడో పోగొట్టుకున్న పాత లక్షణం అది. అందుకే శాస్త్రవేత్తలు ఈ గుంపును ఆఫ్రికా చుంచుల్లో చాలా పాత శాఖగా లెక్కపెడతారు.

చిన్న గ్లాసులో పోసిన టీ పెద్ద గిన్నెలో టీ కన్నా తొందరగా చల్లారిపోతుంది. చుంచుల కష్టమంతా ఇదే. ఒంట్లో వేడి పుట్టేది కొంచెం, చర్మం నుంచి పోయేది ఎక్కువ. అందుకని తింటూనే ఉండాలి. కాసేపు తిండి, కాసేపు నిద్ర, మళ్లీ తిండి. పగలూ రాత్రీ ఇదే వరస. కొన్ని గంటలు తిండి లేకపోతే చాలు, ప్రాణం మీదికొస్తుంది. ఆఫ్రికాలో ఎత్తయిన కొండల మీద ప్రతి పగలూ ఎండాకాలం, ప్రతి రాత్రీ చలికాలం అంటారు. 3,500 మీటర్ల పైన రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టే చలి. నాలుగు రూపాయి బిళ్లల బరువున్న ప్రాణి ఆ చలిని ఎలా తట్టుకుంటోంది? జవాబు నేలలోనే ఉంది. మందంగా పేరుకున్న ఆకులు, నాచు, కుళ్లిన దుంగలు, వేళ్ల మధ్య బొరియలు దానికి కంబళి లాంటివి. పైన గాలి ఎంత చల్లబడినా కింద మట్టి అంతగా చల్లబడదు. పైగా తిండి దొరికేదీ అక్కడే. వానపాములు, పురుగులు, వాటి లార్వాలు అన్నీ ఆ తడి పొరలోనే ఉంటాయి. ఆ పొర ఎండిపోతే ఇల్లూ పోతుంది, భోజనమూ పోతుంది.

పిల్లల సంగతి కూడా ఆసక్తిగా ఉంటుంది. ఇంటి చుంచు పిల్లలు ఒకదాని వెనక ఒకటి, ముందున్నదాని తోక మొదలును నోటితో పట్టుకుని రైలు పెట్టెల్లా తల్లి వెంట నడుస్తాయి. కిలిమంజారో చుంచుకు చుట్టమైన దక్షిణాఫ్రికా మయోసోరెక్స్‌లో మరో పద్ధతి గమనించారు. పిల్లలు తల్లి చన్నులను నోటితో గట్టిగా పట్టుకుని వదలవు. గూడులో అలజడి అయితే తల్లి వాటిని అలాగే ఈడ్చుకుంటూ పారిపోతుంది.

ఇక అసలు చిక్కుముడికి వద్దాం. ఈ జాతి ఈ ఒక్క కొండ మీదే ఎందుకుంది?

టాంజానియా మ్యాప్ మీద ఎత్తయిన చోట్లకు మాత్రమే ఆకుపచ్చ రంగు వేస్తే దీవుల గుంపులా కనిపిస్తుంది. హిందూ మహాసముద్రం నుంచి వచ్చే తేమ గాలులు కొండలకు తగిలి వాన కురుస్తుంది. కిలిమంజారో దక్షిణపు వాలు మీద ఎక్కువ వాన పడే పట్టీలో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్లు పడుతుంది. కొండ దిగగానే పొడి గడ్డి మైదానం. తడి మట్టిలో బతికే చుంచుకు ఆ మైదానం మనకు సముద్రం ఎలాంటిదో అలాంటిది. దూరం పెద్ద లెక్క కాదు, దారిలో తిండీ నీడా లేకపోవడమే అడ్డు. చల్లని తడి కాలాల్లో కొండ అడవులు కిందికి దిగి ఒకదానికొకటి దగ్గరైతే చుంచులు అటూ ఇటూ వెళ్లి ఉంటాయి. వాతావరణం పొడిబారినప్పుడు అడవులు మళ్లీ పైకి కుంచించుకుపోతాయి. ఏ కొండ మీద ఉన్నవి ఆ కొండ మీదే చిక్కుకుపోతాయి. వేల తరాలు గడిచేసరికి వేరే జాతి అవుతాయి.

కిలిమంజారోకు దక్షిణంగా, సముద్రానికి సమాంతరంగా సాగే ఈస్టర్న్ ఆర్క్ కొండల్లో ఈ కథ ఇంకా లోతైనది. ఉసాంబరా, ఉలుగురు, ఉజుంగ్వా ఇలా 13 కొండల గుంపులు. 3 కోట్ల ఏళ్లుగా వాటికి వాన తప్పలేదని భూగర్భ శాస్త్రజ్ఞులు అంటారు. ఇంకెక్కడా లేని వెన్నెముక జీవులు అక్కడ కనీసం 96 ఉన్నాయని 2007 నాటి లెక్క. ఉలుగురు కొండల్లో మయోసోరెక్స్ జియాటా అనే చుంచు ఉంది. ఉజుంగ్వాలో మయోసోరెక్స్ కిహౌలీ ఉంది. ఏళ్లపాటు అక్కడి అడవుల్లో నమూనాలు సేకరించిన ఫిలిప్ కిహౌలే అనే టాంజానియా క్షేత్ర పరిశోధకుడి పేరు మీద 2000లో దానికి ఆ పేరు పెట్టారు. అడవిలో తిరిగి నమూనాలు పట్టిన మనిషి పేరు జాతి పేరులో నిలవడం నాకు చాలా నచ్చింది. 2005లో అదే ఉజుంగ్వాలో కాంగోసోరెక్స్ ప్రజాతికి చెందిన మరో కొత్త చుంచును వర్ణించారు.

వాటితో పోలిస్తే కిలిమంజారో చిన్నపిల్ల. అది అగ్నిపర్వతం, వయసు మహా అయితే 25 లక్షల ఏళ్లు. లావా చల్లారి, అడవి పట్టి, జాతులు వేరుపడటానికి దొరికిన సమయం తక్కువ. అంత పెద్ద కొండకు సొంత క్షీరదం ఒకటే ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

రెండో చిక్కుముడి ఇంకా ముఖ్యం. ఈ చుంచుకు 1956లో పేరు పెట్టారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచంలోని మ్యూజియంలన్నిటిలో ఉన్న నమూనాలు కొన్నంటే కొన్నే. అవి కూడా కొండ పైభాగంలోని ఎరికా (పొదగానూ చెట్టుగానూ పెరిగే మొక్క) పొదల నుంచి, చెట్లు లేని బయళ్ల నుంచి దొరికినవి. దాంతో ఇది చాలా అరుదైన ప్రాణి అనీ, పైన చలి ప్రదేశంలోనే ఉంటుందనీ పుస్తకాల్లోకి ఎక్కింది. నిజం అది కాదు. వెతికే పద్ధతి సరిగా లేదు, అంతే.

ఎలుకలను పట్టే బోనులో ఎర పెడతారు. ఎలుక వాసన పట్టి వస్తుంది, మీట తొక్కుతుంది. చుంచు ఆ ఎరను పెద్దగా పట్టించుకోదు. ఒకవేళ తొక్కినా దాని బరువుకు చాలా బోనులు పడవు. అమెరికాలోని షికాగో ఫీల్డ్ మ్యూజియంకు చెందిన బిల్ స్టాన్లీ, ఆయన టాంజానియా సహచరులు ఏళ్ల తరబడి వాడిన పద్ధతి వేరు. 15 లీటర్ల ప్లాస్టిక్ బకెట్లు 11 తీసుకుని, ఐదేసి మీటర్ల దూరంలో వరుసగా, అంచు నేలకు సమంగా ఉండేలా పాతిపెడతారు. ఆ వరుస పొడవునా బకెట్ల మీదుగా అర మీటరు ఎత్తున ప్లాస్టిక్ షీటును నిలబెడతారు. ఎర ఏమీ ఉండదు. చీకట్లో తిరిగే చుంచుకు షీటు అడ్డు తగులుతుంది, దాని వెంబడే నడుస్తుంది, బకెట్లో పడుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టారని మనం వృథా శ్రమకు సామెత చెబుతాం. ఇక్కడ కొండను తవ్వింది అంత చిన్న ప్రాణి కోసమే, ఆ శ్రమ వృథా కాలేదు.

కిలిమంజారో ఆగ్నేయపు వాలు మీద సుమారు 2,000, 2,500, 3,000, 3,500, 4,000 మీటర్ల ఎత్తుల్లో ఈ బకెట్లు పాతారు, బోనులు కూడా పెట్టారు. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి. మొత్తం 16 జాతులు దొరికాయి, అందులో ఆరు చుంచులు. అత్యంత అరుదు అనుకున్న కిలిమంజారో చుంచు అన్నిటికన్నా కింది చోట తప్ప మిగిలిన నాలుగు ఎత్తుల్లోనూ పడింది. ఆ వాలు మీద అంత విస్తారంగా ఉన్న చిన్న క్షీరదాలు తక్కువే. అది పైనున్న పొదల్లో మాత్రమే కాదు, దట్టమైన అడవిలోనూ ఉంది. ఇంకో సంగతి, చుంచులు ఎన్ని పడతాయన్నది వాన మీద ఆధారపడింది, ఎలుకలకు ఆ తేడా కనబడలేదు. అంటే నాలుగు రోజులు పొడిగా ఉన్నప్పుడు వెళ్లి చూసి, ఇక్కడ చుంచులు లేవని తేల్చేస్తే తప్పే. స్టాన్లీ 2015లో ఇథియోపియాలో ఇలాంటి పనిలో ఉండగానే కన్నుమూశారు.

అంత విస్తారంగా ఉంటే ఇక భయమెందుకు అని అడగొచ్చు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఒక జాతి అరుదుగా ఉండటంలో రెండు రకాలున్నాయి. మొదటిది సంఖ్య తక్కువ కావడం, పులి లాగా. రెండోది చోటు తక్కువ కావడం. ఉన్న చోట గంపల కొద్దీ ఉంటుంది, కానీ ఆ చోటు ఒకటే. జాతులు అంతరించే ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) నియమాల్లో దీనికి ప్రత్యేకంగా ఒక కొలమానం ఉంది. జాతి విస్తరించిన పరిధి 5,000 చదరపు కిలోమీటర్ల కన్నా తక్కువై, అది కొద్దిచోట్లకే పరిమితమై, ఆవాసం ఇంకా తగ్గుతూ ఉంటే, తలలు ఎన్నున్నాయో లెక్కపెట్టకపోయినా దాన్ని ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చవచ్చు. నాకు ఈ నియమం చాలా సబబుగా అనిపిస్తుంది. చుంచుల తలలు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. కొండ మీద అడవి ఎంత మిగిలిందో కొలవడం మాత్రం సాధ్యమే.

పేర్ల గొడవ కూడా ఇందులో కలుస్తుంది. క్రొసిడ్యూరా మోనాక్స్ అనే మరో చుంచు టాంజానియా కొండల మీద చాలాచోట్ల ఉందని నిన్నమొన్నటి దాకా అనుకున్నారు. 2015లో డీఎన్ఏ, పుర్రె కొలతలు కలిపి చూస్తే ఆ ఒక్క పేరు కింద చాలా జాతులు దాక్కుని ఉన్నాయని తేలింది. మూడు కొత్త పేర్లు పుట్టాయి. వాటిలో ఒకటి మెరు కొండది, ఒకటి ఎన్గొరొంగొరొ ప్రాంతానిది. పాత పేరు కిలిమంజారోకూ, పక్కనున్న ఉత్తర పారే కొండలకూ మిగిలింది. అంటే నిన్నటిదాకా పది చోట్ల ఉన్న జాతి కాబట్టి ఒక చోట పోయినా ఫర్వాలేదనుకున్నాం. ఇప్పుడు ఆ ఒక్క చోటు పోతే ఒక జాతే పోతుంది. అడవిలో ఏమీ మారలేదు, మనం చదివే పట్టిక మారింది.

ఇప్పుడు ముప్పు ఎటు నుంచి అన్నది చూద్దాం. భూమి వేడెక్కితే కొండ జీవులు చల్లదనం కోసం పైపైకి వెళతాయనీ, చివరికి శిఖరం దగ్గర దారి అయిపోతుందనీ మనం చదువుతుంటాం. కిలిమంజారోలో కథ అంత నేరుగా లేదు. అక్కడ అడవి పై అంచు కిందికి దిగుతోంది. కారణం నిప్పు. ఈ కొండ వృక్షాల మీద దశాబ్దాలు పనిచేసిన ఆండ్రియాస్ హెంప్ పరిశోధన ప్రకారం, 1976 తర్వాత పైభాగపు ఎరికా అడవిలో అధిక భాగం మంటలకు పోయి పొదలుగా మారింది. వాతావరణం పొడిబారుతున్న కొద్దీ మంటలు పెరిగాయి. తేనె పట్టేవాళ్ల పొగ, దొంగచాటు వేటగాళ్లు, కొండెక్కేవాళ్ల పొయ్యిలు, ఎలా మొదలైనా ఎండిన ఎరికా భగ్గున అంటుకుంటుంది. 2020 అక్టోబరులో చెలరేగిన మంట దాదాపు 95 చదరపు కిలోమీటర్లను కాల్చేసింది. పర్యాటకులకు ఆహారం వేడి చేసే చోట నిప్పు అంటుకుందని పార్కు అధికారులు అప్పట్లో చెప్పారు. ఆ చోటు మందారాకూ హొరొంబోకూ మధ్యలో ఉంది. సరిగ్గా మన చుంచు బతికే ఎత్తు.

ప్రపంచం దృష్టి మాత్రం శిఖరం మీది మంచు మీదే ఉంటుంది. 1912లో ఉన్న మంచులో 85 శాతం 2007 నాటికి పోయింది. బాధాకరమైన విషయమే. కానీ కొండకు నీళ్లిచ్చేది ఆ మంచు కన్నా అడవే ఎక్కువ. లైకెన్లు గడ్డాల్లా వేలాడే ఎరికా కొమ్మలు మేఘాన్ని దువ్వి నీటిచుక్కలుగా నేలకు దింపుతాయి. ఆ అడవి కాలిపోవడంతో పోయిన మేఘపు నీరు, కొండ చుట్టూ ఉన్న పది లక్షల మంది ఏడాది తాగే నీటికి సమానమని హెంప్ లెక్క కట్టారు. చుంచుకు కావలసిన తడి మట్టి, కింద వాలుల్లో ఉండే చగ్గా తెగ రైతుల అరటి, కాఫీ తోటలకు పారే కాలువలు, రెండూ ఒకే నీటి మీద ఆధారపడ్డాయి. చుంచును కాపాడమంటే ఎవరు వింటారు అనే ప్రశ్నకు నా దగ్గరున్న గట్టి సమాధానం ఇదే.

దిగువన సమస్య వేరు. విలువైన కర్పూర చెట్లను దొంగచాటుగా కొట్టడం, బొగ్గు కాల్చడం, అడవి అంచున సాగు చాలాకాలం జరిగాయి. 1973లో నేషనల్ పార్కు పెట్టినప్పుడు హద్దు 2,700 మీటర్ల దగ్గర గీశారు. మంచునూ బయళ్లనూ లోపల పెట్టి, అడవిలో ఎక్కువ భాగాన్ని బయట వదిలేశారు. కింద అటవీ శాఖ రిజర్వు ఉన్నా రక్షణ అంతంతమాత్రమే. 2005లో హద్దును కిందికి దింపి మొత్తం అడవిని పార్కులో కలిపారు. చుంచు 2,500 మీటర్ల దగ్గర కూడా ఉందని గుర్తు పెట్టుకుంటే ఆ మార్పు విలువ తెలుస్తుంది.

అయితే ఆ మార్పుకు మూల్యం చెల్లించిన వాళ్లున్నారు. అడవి అంచున అర మైలు వెడల్పు పట్టీ ఒకటి 1941 నుంచి ఊళ్ల అవసరాలకు ఉండేది. కట్టెలు, పశువులకు గడ్డి అక్కడి నుంచే వచ్చేవి. పార్కులో కలిశాక ఆంక్షలు వచ్చాయి. తరాలుగా వాడుకున్న పట్టీని ఒక్కసారిగా మూసేస్తే జనానికి అడవి మీద ఉన్న మమకారం పోతుంది. నిప్పు అంటుకున్నప్పుడు ముందు పరుగెత్తుకొచ్చేది ఆ ఊళ్లవాళ్లే. వాళ్లకు ఇంటి దగ్గరే చెట్లు పెంచుకునే ఏర్పాటు, పొయ్యికి వేరే ఇంధనం చూపించకుండా అడవిని కాపాడటం కుదరదని నా అభిప్రాయం.

చుంచు కోసం ప్రత్యేకంగా జూలో పెంపకం అక్కర్లేదు, కంచె కట్టక్కర్లేదు. దారుల పొడవునా బహిరంగ మంటలు లేకుండా చూడాలి. పడిపోయిన దుంగలనూ రాలిన ఆకులనూ శుభ్రం చేయకుండా అలాగే వదిలేయాలి. కాలిన ఎరికా మళ్లీ చెట్టు కావడానికి కొన్ని దశాబ్దాలు మరో మంట రాకుండా ఉండాలి. చివరిది, చుంచు ఎలా ఉందో తెలుసుకుంటూ ఉండాలి. 2014 నాటి పరిశోధన మనకు ఒక కొలబద్ద ఇచ్చింది. అదే వాలు, అవే ఐదు ఎత్తులు, అలాంటి 11 బకెట్ల వరుసలు, వానలు పడే రోజుల్లో. మళ్లీ పాతి చూస్తే 2,500 మీటర్ల దగ్గర ఇంకా చుంచు పడుతోందా, లేక కింది బకెట్లు ఖాళీగా ఉంటున్నాయా అన్నది కొన్ని వారాల్లో తెలిసిపోతుంది.